దండెం మీది దారి

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళు: మోకాళ్ళకు నూనె రాసుకుంటున్న అవ్వ, కందులు చెరుగుతున్న అమ్మ, నులకమంచం కోడుకు మేకు కొడుతున్న నాయన, పొదుగుతున్న కోడి, దాని కింద పదకొండు గుడ్లు, జలుబు చేసిన మేకపిల్ల, దొడ్డి తలుపు వెనక నేను. ఇంటికి కొత్తవాళ్ళు వస్తే నేనుండే చోటు అదే. డైరీలో తేదీ జూన్ మూడు అని ఉంది.

ముందురోజే నాకు పట్నంలోని ఆడపిల్లల పాలిటెక్నిక్‌లో సీటు వచ్చినట్టు కాగితం వచ్చింది. జూలై పన్నెండు సాయంత్రం అయిదు లోపల వెళ్ళి చేరాలి. చేరకపోతే సీటు తర్వాతి పేరుకు పోతుంది. మా ఊరి నుంచి పట్నం యాభై ఎనిమిది కిలోమీటర్లు. మా వంశంలో చదువుకోవడానికి అంత దూరం వెళ్ళిన ఆడమనిషి లేదు. అవ్వ ఆ కాగితాన్ని తలకిందులుగా పట్టుకొని చాలాసేపు చూసి, బాగుందని చెప్పింది.

జీపు మా వేపచెట్టు కింద ఆగింది. అయిదుగురు దిగారు. ముందు నడుస్తున్నాయన దయానిధిగారు, జంతువులు దాటే దారికి, అంటే కారిడార్‌కు, కొత్తగా వేసిన ప్రత్యేకాధికారి. ఆయన వెనక కొలత టేపు పట్టుకొని మా ఊరి ఫారెస్టు వాచర్ చాంద్‌బాషా. మిగిలిన ముగ్గురూ ఫోటోలు తీయడానికి వచ్చారు.

మా ఊరికి ఇటు గుర్రపుకొండ, అటు గవికొండ. రెండు కొండల మీదా దేవాంగపిల్లులు ఉన్నాయి. పేరుకే పిల్లి. నిజానికి అది పిడికెడంత కోతిలాంటి జంతువు. గుండ్రటి పెద్ద కళ్ళు, పుల్లల్లాంటి కాళ్ళూ చేతులూ. చీకట్లోనే తిరుగుతుంది. నేల మీద అడుగు పెట్టడం దానికి నచ్చదు. ఒక కొమ్మ పట్టుకున్నాకే ఇంకో కొమ్మ వదులుతుంది. మధ్యలో మా ఊరు అడ్డం రావడంతో ఈ కొండవి ఆ కొండకు పోలేక, ఉన్నచోటే పుట్టి, ఉన్నచోటే సంబంధాలు కలుపుకొని, తరానికి తరం నీరసించిపోతున్నాయట. ఇది నిజమేనని మా సైన్సు టీచరు కూడా చెప్పింది.

దానికోసం 'కొమ్మకు కొమ్మ' అని పథకం పెట్టారు. రెండు కొండల మధ్యా చెట్లు నాటి కలపాలని మొదట అనుకున్నారట. చెట్లు పెరగడానికి పదేళ్ళు పడుతుంది. పైనుంచి ఆరు వారాల్లో ఫలితం చూపమని ఉత్తర్వు వచ్చింది. అందుకని కొత్తగా ఏదీ కట్టకుండా, నాటకుండా, ఉన్నవాటితోనే కలపాలని మార్గదర్శకాలు రాశారు. గుర్రపుకొండ చింతతోపు నుంచి చెట్లూ పందిళ్ళూ కలుపుకుంటూ పదమూడు లంకెలు మా వేపచెట్టు దాకా వచ్చాయి. మా దొడ్లో మునగచెట్టు నుంచి గవికొండ దాకా మళ్ళీ పొదలున్నాయి. మధ్యలో మిగిలింది మా ఇల్లు.

మా ఇంట్లో దండెం ఉంది. అది నాయన కనిపెట్టింది. వేపచెట్టుకు కట్టిన ఇనుపతీగ వీధి తలుపులోంచి ఇంట్లోకి వచ్చి, నడిమింటి మీదుగా దొడ్డి తలుపులోంచి బయటపడి, మునగచెట్టుకు చేరుతుంది. వాన మొదలైతే బట్టలు తీసే పని లేదు, తడివాటిని లోపలికి జరిపితే చాలు. రాత్రి తీగను తలుపుల దగ్గరి కొక్కేల నుంచి విప్పి, రెండు తలుపులూ వేసుకొని పడుకుంటాం.

దయానిధిగారు ఆ తీగను వేలితో మీటి చూశారు. అది మోగింది. ఆయన కళ్ళు మూసుకొని విన్నారు.

"ఇది దండెం కాదమ్మా. పూర్వంనుంచీ ఉన్న రేఖీయ అనుసంధాన నిర్మాణం. ఇందుమూలంగా దీనిని లంకె నంబరు పద్నాలుగుగా గుర్తిస్తున్నాం" అన్నారు.

అమ్మ తన తడిచీర వైపు చూసింది. ఫోటోలవాళ్ళు దాన్ని తీసి పక్కన పెట్టారు.

ఆ సాయంత్రానికే నిబంధనల కాగితం గోడకు అంటించారు. లంకెపై ఎలాంటి బరువూ వేయరాదు. లంకెను కొక్కెం నుంచి విప్పడం ఆవాస విచ్ఛిన్నం కిందికి వస్తుంది, కాబట్టి విప్పరాదు. విప్పనప్పుడు తలుపు పడదు, కాబట్టి వేయరాదు. జంతువు చీకటిని కోరుతుంది, కాబట్టి పొద్దుగూకినప్పటి నుంచి తెల్లవారేదాకా దీపం పెట్టరాదు. ఇంటి పైనుంచి ఇంకో తీగ లాక్కోవచ్చు కదా అని అవ్వ అడిగింది. అది కొత్త నిర్మాణం అవుతుందని, కొత్త నిర్మాణాలు అడవికి చేటని దయానిధిగారు ఓపికగా వివరించారు.

అవ్వ తన డెబ్బై రెండేళ్ళలో తలుపు తీసి నిద్రపోలేదు. మొదటివారం అసలు నిద్రే పోలేదు. వీధి నుంచి దొడ్లోకి మా ఇంట్లోంచి అడ్డదారి ఉందని ఊరికి తెలిసిపోయింది. పొలం పోయేవాళ్ళు చెప్పులతో నడిమింట్లోంచి నడుస్తూ, ఏం వండావని అమ్మను పలకరించి పోయేవారు. ఎవరిదో బర్రె ఒకటి అలవాటు పడింది. అమ్మ బట్టలు కంచెమీద ఆరేసేది. నా లంగాలన్నీ ముళ్ళకు చిరిగాయి.

దయానిధిగారు మా ఇంట్లో ఒక రిజిస్టరు పెట్టారు. లంకె మీదుగా ఎన్ని జీవులు దాటాయో చాంద్‌బాషా వారం వారం రాయాలి. చాంద్‌బాషాకు అడవిలో ప్రతి పక్షీ కూత తెలుసు కానీ, ఆయన దస్తూరి ఆయనకే అర్థం కాదు. ఇంట్లో నా రాత బాగుంటుందని అమ్మ చెప్పడంతో ఆ పని నాకు పడింది.

మొదటి వారాంతంలో చాంద్‌బాషా వచ్చి, దొడ్డి తలుపు ఇవతల కూర్చున్నాడు. నేను అవతల కూర్చున్నాను. ఎన్ని రాయాలని అడిగాను. ఏమీ దాటలేదన్నాడు. సున్నా పెట్టబోతుంటే ఆపాడు. సున్నాకు వేరే ఫారం ఉందట. దానిపేరు శూన్య నివేదిక. మూడు ప్రతులు, జీవి రాకపోవడానికి కారణాలు, వాచర్ సంజాయిషీ, సర్పంచి సంతకం కావాలి. సర్పంచి పెళ్ళికని తిరుపతి పోయాడు.

"సున్నాకైతే నేను మూడుతూర్లు ఆఫీసుకు పోయి రావాల పాపా. నా చెప్పులు చూడు, ఈ నెలకు కూడా నిలవవు. పొద్దన్నే ఈ తీగ కింద ఎవురు పోయినారో సెప్పు."

"నేనే, నీళ్ళకు" అన్నాను.

"తీగ పట్టుకుంటివా?"

దీపం పెట్టకూడదు కదా. చీకట్లో నాలుగున్నరకు కుళాయి వస్తుంది. ఒక చేత్తో బిందె, ఇంకో చేత్తో తీగ పట్టుకొని దొడ్లోంచి వీధిలోకి పోతాను. అదే చెప్పాను.

"అయితే ఒకటి రాయి. అబద్ధం గాదు గదా."

అబద్ధం కాదు కాబట్టి రాశాను. 'దాటినవి: 1.' అంకె తిన్నగా, నిటారుగా వచ్చింది.

రెండోవారం కూడా ఒకటి రాశాను. మూడోవారం పైనుంచి ప్రశంసాపత్రం వచ్చింది. మొత్తం పదహారు కారిడార్లలో, వినియోగం ఉన్నది మా లంకె పద్నాలుగు ఉన్న కారిడార్‌కు మాత్రమేనట. మిగతా పదిహేనుచోట్లా శూన్య నివేదికలే. ఆ జంతువుకు 'ద-1' అని పేరు పెట్టారు. ఇంటిముందు బోర్డు పాతారు. ద-1 ఆహారం నిమిత్తం వారానికో డబ్బా చెదపురుగులు పంపడం మొదలుపెట్టారు. వాటిని కోళ్ళు తినేవి. అవి జోడుసొనల గుడ్లు పెట్టడం మా ఊళ్ళో అప్పుడే మొదటిసారి చూశాం. ద-1కు ప్రశాంతత కావాలని అవ్వను రోట్లో దంచవద్దన్నారు. అవ్వ వక్క కూడా దంచుకోలేక ఊరికే నోరు ఆడించేది.

నాలుగోవారం మునగచెట్టుకు కెమెరా కట్టారు. దానిముందు ఏదైనా కదిలితే తనంతట తానే ఫోటో తీస్తుంది. రెండు రోజులకే దొరికింది. చీకట్లో రెండు పెద్ద కళ్ళు, కింద తీగను చుట్టుకున్న నాలుగు వేళ్ళూ ఒక బొటనవేలూ. ఆ ఫోటోను గోడంత చేసి జిల్లా ఆఫీసులో పెట్టారు. దయానిధిగారు దాని కింద నిలబడి ప్రసంగించారని చాంద్‌బాషా చెప్పాడు. ద-1 చాలా సిగ్గరి అని, మనుషుల చూపు సోకితే ఒదిగిపోతుందని, నిదానంగా కదులుతుందని, పట్టు మాత్రం వదలదని చెప్పారట. నా గురించి అంత బాగా ఎవరూ మాట్లాడలేదు. ఎవరికీ చెప్పుకోలేక డైరీలో రాసుకున్నాను.

ఇది ఎక్కడిదాకా పోతుందోనని చాంద్‌బాషా భయపడ్డాడు. నేనూ భయపడ్డాను. చెప్పేద్దామని ఇద్దరం అనుకున్నాం. ఆయన నన్ను చెప్పమన్నాడు, నేను ఆయన్ను చెప్పమన్నాను. ఈలోగా ఇతర జిల్లాలవాళ్ళు వచ్చి మా దండెం కొలతలు రాసుకుపోతున్నారు. అయిదు జిల్లాల్లో ఆడవాళ్ళకు బట్టలారేసే తీగలు లేకుండా పోయాయని తర్వాత తెలిసింది.

జూలై ఆరున హైదరాబాదు నుంచి డాక్టర్ మృదుల అనే శాస్త్రవేత్త వచ్చింది. ఇరవై ఏళ్ళుగా ఆమె పని దేవాంగపిల్లుల మీదే. వసారాలో అందరూ కూర్చున్నాక దయానిధిగారు ఫోటో ఇచ్చారు. ఆమె కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకొని చూసింది.

"దయానిధిగారూ, దీని చేతికి గాజులున్నాయి" అంది.

"స్థానిక ఉపజాతి అయి ఉండవచ్చు మేడమ్" అన్నారు ఆయన.

"రెండు ఎర్రవి, ఒకటి పచ్చది."

చాంద్‌బాషా లేచి నిలబడి, చేతులు కట్టుకొని, జరిగిందంతా చెప్పేశాడు. మా అందరికీ ప్రాణం తేలికపడింది. ఇక తలుపు వేసుకోవచ్చు కదా అని అవ్వ అడిగింది.

దయానిధిగారికి కోపం రాలేదు. ఆయన ఫారం తీసి, ఒక్కో గడి మీదా వేలు పెట్టి చూసుకుంటూ పోయారు. చివరికి తల ఎత్తి, చాలా మర్యాదగా చెప్పారు.

"ఒకసారి నమోదైన జీవిని రద్దు చేయడానికి ఫారంలో గడి లేదు. తొలగింపుకు రెండే కారణాలున్నాయి. మరణం, వలస. రెండూ శాఖ వైఫల్యం కిందికి వస్తాయి. నివేదిక పైకి వెళ్ళిపోయింది. అందుచేత పొరపాటు జరిగిందనే మాట ఉత్పన్నం కాదు. జాతి అన్నచోట 'ఇతరములు' అని సవరిస్తే సరిపోతుంది."

మృదులగారు నవ్వింది. ఆయన నవ్వకపోవడం చూసి ఆపేసింది. ఇది ఆడపిల్ల, దీన్ని వదిలేయండి అని కాగితం రాసి సంతకం పెట్టింది. దాన్ని అనుబంధం 'సి'గా జతచేశారు. ఆ కొండల మీద నిజమైన జంతువులు చచ్చిపోతున్నాయని, రెండు వరసల చెట్లు నాటి ఉంటే ఈ పాటికి వేళ్ళూనుకొని ఉండేవని ఆమె గట్టిగానే చెప్పి, కారెక్కి వెళ్ళిపోయింది. అది మినిట్స్‌లో రాయలేదు.

అప్పుడు నేను తలుపు వెనక నుంచి మాట్లాడాను. కొత్తవాళ్ళు వినేలా మాట్లాడటం నాకు అదే మొదటిసారి.

"సార్, నేను పన్నెండో తారీకు కాలేజీలో చేరాల."

దయానిధిగారు వెంటనే పుస్తకం తెరిచి ఏదో రాసుకున్నారు. నన్ను వెళ్ళమంటూ రాస్తున్నారేమోనని ఆశపడ్డాను. వెనక నిలబడ్డ చాంద్‌బాషా అది చదివి తల దించుకున్నాడు. 'స్వరం: మృదువు' అని రాశారట.

ఆ తర్వాత మూడు రోజులు కమిటీలు కూర్చున్నాయి. నా చదువుకు ఎవరూ వ్యతిరేకం కాదు. అది వలస అవుతుందా, కాలానుగుణ సంచారం అవుతుందా అన్నదే ప్రశ్న. తొమ్మిదో తేదీ దయానిధిగారు మా నాయనకు తీర్మానం చదివి వినిపించారు. ఒక ఆవాసం నుంచి ఇంకో ఆవాసానికి అనుసంధానం లేకుండా జీవిని తరలించడం శాస్త్రీయం కాదు. కాబట్టి మా ఇంటి నుంచి పాలిటెక్నిక్ హాస్టలు దాకా యాభై ఎనిమిది కిలోమీటర్ల దండెం వేయాలని ప్రతిపాదన పంపుతున్నారు. యాభై మీటర్లకు ఒకటి చొప్పున వెయ్యిన్నూట అరవై గుంజలు. మధ్యలో రైలుకట్ట ఉంది కాబట్టి వాళ్ళ అభ్యంతరాలు కూడా తెప్పించాలి. మూడేళ్ళలో పూర్తవుతుంది. అంతవరకు ద-1ని ఆవాసంలోనే ఉంచుతామని సంరక్షకుడు సంతకం పెట్టాలి.

మూడేళ్ళంటే నా కోర్సు కూడా అంతే అని అమ్మ అంది.

నాయన మంచివాడు. ఫైలు పట్టుకొచ్చిన మనిషికి ఆయన ఇంతవరకు కాదని చెప్పలేదు. తువ్వాలతో చేతులు తుడుచుకొని, ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టాడు. వాళ్ళు పోయాక వేపచెట్టు కింద కూర్చొని, భోజనానికి ఎన్నిసార్లు పిలిచినా లేవలేదు. అమ్మ నా సర్టిఫికెట్లు సంచిలోంచి తీయబోయింది. అవ్వ చూసి, సంచిని తన మంచం కిందికి లాక్కుంది.

నిజం దేవాంగపిల్లి ఒక్కసారి దాటితే ద-2 నమోదవుతుంది, అప్పుడు నన్ను వదిలేస్తారేమోనని చాంద్‌బాషాకు ఆశ. రోజూ పొద్దుగూకేవేళకు వచ్చి వేపచెట్టు కింద కూర్చునేవాడు. పదకొండో తేదీ అది నిజంగానే వచ్చింది. దీపాలు పెట్టే వేళ. కొమ్మ చివర బూడిదరంగు ముద్దలా కదిలింది. ముందు చెయ్యి చాచి మా తీగను పట్టుకుంది. వెనక చెయ్యి ఇంకా కొమ్మను వదల్లేదు. దాని కళ్ళు నేను ఫోటోలో చూసిన నా కళ్ళకన్నా పెద్దవి. నడిమింట్లోంచి అందరం చూస్తున్నాం.

మర్నాడు నేను బస్సెక్కకుండా చూడటానికి దయానిధిగారు మనుషులతో అప్పటికే మా వసారాలో దిగి ఉన్నారు. ఆయన కూడా చూశారు. చూసి, ఇది ఎవరని అడిగారు. దేవాంగపిల్లి సార్ అని చాంద్‌బాషా చెప్పాడు. అతనికి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"నమోదు కాలేదు కదా. ద-1 లోపల ఉండగా నమోదు కాని జీవి లంకెలోకి ప్రవేశించడం వినియోగదారుకు ఆటంకం. పక్కకు మళ్ళించండి" అన్నారు.

చాంద్‌బాషా కదల్లేదు. దయానిధిగారి మనుషులు ఇద్దరు పోయి కొమ్మ ఊపారు. అది తీగను వదిలి, వచ్చిన దారినే, ఒక్కో కొమ్మా పట్టుకుంటూ గుర్రపుకొండ వైపు పోయింది. అది కనపడకుండా పోయేదాకా చాంద్‌బాషా చూస్తూ నిలబడ్డాడు. తర్వాత రిజిస్టరు తెచ్చి నా ముందు పెట్టి, ఈ వారం ఏమీ రాయొద్దన్నాడు. సున్నాకు ఫారం నింపాలి కదా అన్నాను. ఎన్ని కావాలంటే అన్ని నింపుతానన్నాడు.

పన్నెండో తేదీ ఆరున్నరకు బస్సు. అవ్వ నాకంటే ముందే లేచింది. మంచం కింది సంచి తీసి నా భుజానికి తగిలించింది. నా చెయ్యి పట్టుకొని తీసుకుపోయి తీగ మీద పెట్టింది.

నేను రోజూ నడిచినట్టే నడిచాను. దొడ్డి గడప, నడిమిల్లు, వీధి గడప. వసారాలో పడుకున్నవాళ్ళు లేచారు. దయానిధిగారు చొక్కా గుండీలు పెట్టుకుంటూ నాకు అడ్డం వచ్చారు. అప్పుడు చాంద్‌బాషా ఆయనకూ నాకూ మధ్య నిలబడ్డాడు.

"సార్, పాప కారిడార్‌లో ఉండాది. తీగ పట్టుకోని పోతాండాది. కారిడార్‌లో పోయేదాన్ని ఆపగూడదు గదా సార్. ఆపేదానికైతే కారిడార్ ఎందుకు?"

దయానిధిగారు మార్గదర్శకాల పుస్తకం కోసం చేయి చాచారు. ఎవరో వెతికి తెచ్చారు. ఆయన పేజీలు తిప్పడం మొదలుపెట్టారు. ఆయన తిప్పుతున్నంతసేపూ ఎవరూ నన్ను ముట్టుకోలేదు.

వేపచెట్టు దగ్గర తీగ అయిపోయింది. అక్కడి నుంచి రోడ్డు దాకా ఖాళీ నేల. పట్టుకోవడానికి ఏమీ లేదు. రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డవాళ్ళు, కుళాయి దగ్గర బిందెలు పెట్టుకున్నవాళ్ళు, అందరూ నా వైపే చూస్తున్నారు. అంతమంది నన్ను ఒకేసారి ఎప్పుడూ చూడలేదు. నా కాళ్ళు నిలిచిపోయాయి. వచ్చే ఏడాది కూడా సీట్లు ఇస్తారు కదా అనుకున్నాను. మూడేళ్ళు ఎంతలో గడుస్తాయి అనుకున్నాను. తీగ పట్టుకొని వెనక్కి తిరిగాను. వీధి గడప దాకా వచ్చేశాను. ఒక అడుగు వేస్తే నడిమిల్లు, దాని అవతల నా దొడ్డి తలుపు.

గడపలో అవ్వ కూర్చొని ఉంది.

"యాడికొస్తాండావు మే? బస్సు అటుంది."

"అవ్వా, అందరూ చూస్తాండారు."

"సూడనీ" అంది అవ్వ.

మోకాళ్ళ మీద చెయ్యి ఆనించి పైకి లేచి, కొక్కెంలోంచి తీగ విప్పింది. అది నా చేతిలోంచి జారి కిందపడింది. దయానిధిగారు పుస్తకంలోంచి తల ఎత్తారు. అవ్వ నా మొహంలోకి ఒకసారి చూసి, రెండు రెక్కలూ దగ్గరికి లాగి, నా ముందే తలుపు వేసేసింది. లోపల గడియ పడింది.